యాకోబు గారి సాక్ష్యం

కిందటి వారం మీరు నన్ను వంటింటి గుమ్మంలో నిలబెట్టి వెళ్లిపోయారు. ఒక చేతిలో గరిటె, రెండో చేతిలో ఫోను. ఫోనులో మా ఆడపడుచు విజయకుమారి తాడేపల్లిగూడెం నుంచి పంపిన వీడియో. దాని కింద ఆవిడ రాసిన మాట: "అన్నయ్య సాక్ష్యం ఎంత బాగా చెప్పాడో చూడు వదినా, హాలంతా ఏడ్చేసింది." మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం అంతకు ముందు జరిగింది కూడా చెప్పేస్తాను. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

మేమిద్దరం ఏలూరు పక్కన వట్లూరులో ఉంటాం. నేను ఎలిజబెత్‌ని, ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా ఆయన యాకోబు గారు కైకలూరులో చేపల మేత డీలరు దగ్గర గుమస్తాగా చేసి మానేశారు. ఇద్దరికీ పెన్షన్ లేదు. పిల్లలు కలగలేదు. ఎవరికి ఏమొచ్చినా రెండోవాళ్లే చూసుకోవాలి. ఆ మధ్య ఎదురింటి అప్పారావు గారు బైపాస్ ఆపరేషను చేయించుకుని తిరిగొచ్చేసరికి ఆ బిల్లు కింద ఆయన ఇంటి వెనక స్థలం ఇంకొకరి పేరు మీదికి వెళ్లిపోయింది. అది చూశాక నాకు కూడు సయించలేదు. ఆరోగ్య బీమా తీసుకుందామని పట్టుబట్టింది నేనే.

ఏజెంటు దుర్గేష్ నా దగ్గర తొమ్మిదో తరగతి చదివాడు. ఇప్పుడు వాడికి నడినెత్తిన బట్టతల. ఆ రోజుల్లో మేజోడులో స్లిప్పు పెట్టుకుని పరీక్షకొచ్చేవాడు, అందుకని ఏజెంటయ్యాడంటే నేనేం ఆశ్చర్యపోలేదు. రెండు ప్లాన్లు తెచ్చాడు. మొదటిదానికి ముందు లాబ్‌లో పరీక్షలు చేయించుకోవాలి. ప్రీమియం ఎక్కువ, కానీ ఆస్పత్రి బిల్లు పూర్తిగా వాళ్లే కడతారు, ఉన్న జబ్బులకి కూడా కొన్నాళ్లాగి ఇస్తారు. రెండోదానికి పరీక్షల్లేవు, కంపెనీ డాక్టరు ఫోను చేసి ప్రశ్నలడుగుతాడంతే. చవక. కాకపోతే ప్రతి బిల్లులోనూ వందకి ఇరవై మనం పెట్టుకోవాలి, గది అద్దెకీ హద్దుంది.

"ఏది తీసుకున్నా ఉన్న జబ్బు మాత్రం దాచకండి టీచర్ గారూ. దాచి తీసుకుంటే తీరా మంచమెక్కాక పాత రిపోర్టులన్నీ తవ్వుతారండి. పాలసీ చెల్లదంటారు, కట్టిందీ పోతుంది" అన్నాడు దుర్గేష్. ఏజెంటు నోట ఇంత మంచి మాట వచ్చేసరికి నాకు వాడి మీద ఇంకా అనుమానమొచ్చింది.

నా స్వభావమే అంత. ముప్పై ఏళ్లు పరీక్ష హాల్లో నిలబడ్డదాన్ని. కుర్రాడు పైకప్పు కేసి చూశాడంటే చొక్కా లోపల ఏదో ఉందని పట్టేసేదాన్ని. ఆ చూపు రిటైర్మెంటుతో పోలేదు. పాలవాడి కొలత నమ్మను. ఫ్రీ అని రాసిన దేన్నీ నమ్మను. పొద్దున్నే కాఫీతో పాటు మా ఆయన నా గ్యాస్ మాత్రలు అరచేతిలో పెట్టి తెస్తే, వాటిని గుటుక్కున మింగి, పేపర్లో పడ్డ ప్రతి వార్తనీ అనుమానించడంతో నా రోజు మొదలవుతుంది.

అలాంటిదాన్ని, మా ఆయనలో వచ్చిన మార్పు చూడకుండా ఎలా ఉంటాను? ప్లాన్ల మాట వచ్చినప్పట్నించీ ఆయన రెండోదే కావాలని కూర్చున్నారు. జీవితంలో కూరగాయల దగ్గర కూడా ఇది కావాలని అడగని మనిషి! "లాబులు వద్దు ఎలిజా. సూదులూ అవీ ఎందుకు మనకి?" అన్నారు. కంపెనీ డాక్టరు ఫోనుకి ఇద్దరికీ తన నంబరే ఇమ్మన్నారు. "నువ్వెందుకు విసుగు పడతావు, నేను చెప్పేస్తానుగా" అన్నారు. ఆయన అటు తిరగ్గానే నేను దుర్గేష్‌కి ఫోను చేసి ఆ చవక ప్లాను ఫారంలో నా నంబరు రాయించాను.

ఆ తర్వాత ఆయన చొక్కా ఉతకడానికి వేస్తుంటే జేబులో ఒక ఖాళీ మాత్రల స్ట్రిప్పు దొరికింది. పేరు ఫోనులో కొట్టి చూస్తే గుండెకి వాడేదని వచ్చింది. అడిగితే, పాత ఆఫీసు స్నేహితుడికి కొనిపెట్టానన్నారు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు.

ఇదీ జరిగింది. ఇక గరిటె పక్కన పెట్టి వీడియో దగ్గరికి వద్దాం.

తాడేపల్లిగూడెంలో అదేదో ప్రార్థన మందిరం. మా మిషను చర్చి కాదు. మా చర్చిలో సాక్ష్యం, అంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకోవడం, ఏడాదికోసారి, అదీ గొంతు తగ్గించుకుని చెబుతారు. వీళ్లకి వారం వారం ఉంది, కీబోర్డుంది, యూట్యూబు చానలుంది. కింద "గుండె జబ్బును స్వస్థపరచిన దేవుడు" అని ఎర్రక్షరాల్లో వేశారు. మైకు ముందు మా ఆయన. వెనకాల బానరు మీద పావురం.

"ప్రైజ్ ద లార్డ్ అండీ" అంటూ మొదలెట్టారు. "నాకు గుండెలో రక్తనాళం సన్నబడిందని డాక్టరు గారు చెప్పారండి. ఇంటికెళ్లి ఎవరికీ చెప్పుకోలేకపోయానండి. దేవా, ఈసారి పరీక్షలో బాగున్నట్టు తెలిస్తే నీ సన్నిధిలో నిలబడి సాక్ష్యం చెప్తానని మొక్కుకున్నానండి. మొన్న డాక్టరు గారు ఇప్పుడు పర్వాలేదన్నారండి." అక్కడ ఆగిపోయారు. పాస్టరు గారు భుజం మీద చెయ్యి వేశారు. హాలంతా హల్లెలూయా అంది. మా ఆయన మాత్రం అనలేదు. తల వంచుకుని మైకు ఇచ్చేశారు.

నేను ఆ చొక్కా చూశాను. గోధుమరంగు గళ్ల చొక్కా. అది వేసుకున్న రోజు ఆయన నాతో చెప్పింది కొల్లేరులో స్నేహితుడు తోమా చేపల చెరువు పట్టుబడికి వెళుతున్నానని. సాయంత్రం చేప కూడా తెచ్చారు. అప్పుడే నాకు తేడా కొట్టింది. పట్టుబడి రోజున గట్టు మీద స్నేహితుడికి ఇచ్చేది నిండు చేప. తోకకి తాడు కట్టి ఇస్తారు, ఇంటికొచ్చి మనం బూడిద రాసి పొలుసు తీసుకోవాలి. ఈయన తెచ్చింది పొలుసు తీసి, ముక్కలు కోసి, నల్ల కవర్లో వేసింది. ఏలూరు చేపల బజారులో తప్ప అలా ఇవ్వరు. కొల్లేరు పక్కన పుట్టి పెరిగిన మనిషి, అబద్ధానికి చేపని కోయించుకుని వచ్చాడు! ఆ రోజు పులుసు బాగా కుదిరిందని ఊరుకున్నాను. నా తప్పే.

మందుల షాపు నుంచి ఆయన వచ్చేసరికి అన్నం వార్చి ఉంది. సంచీ మేకుకి తగిలించి, కాళ్లు కడుక్కుని కూర్చున్నారు. నేను కంచం పెట్టలేదు. ఫోను పెట్టాను.

ఆయన గొంతు ఆయనకే వినబడింది. ప్రైజ్ ద లార్డ్ అండీ. దొంగకి తేలు కుట్టినట్టు కూర్చుండిపోయారు.

"ఇది ఎవరు పంపారు?" అన్నారు చివరికి.

"మీ చెల్లెలు. సంతోషం పట్టలేక పంపింది. ఇంకెంతమందికి పంపిందో నాకు తెలియదు. ఏవండీ, గూడెంలో ముక్కూ మొహం తెలియనివాళ్లంతా మీ గుండె గురించి ఏడ్చారు. ఇంట్లో ఉన్న నాకు గ్యాస్ మాత్రలిచ్చి పేపరు చదువుకోమన్నారు."

"అది వీడియో తీస్తున్నారని నాకు తెలియదు ఎలిజా."

"తీయకపోతే పర్వాలేదన్నమాట."

నాకు కోపం వచ్చింది. కోపం కింద భయముంది. ఆ భయం మాట కూడా చెప్పేస్తాను, దాచడమెందుకు. ఈయన పోతే ఈ ఇంట్లో పొద్దున్నే కాఫీ కలిపేవాళ్లుండరు. నాకు కాఫీ కలపడం రాదు, ఇన్నేళ్లూ నేర్చుకోలేదు. స్టవ్ మీద గిన్నె కేసి చూస్తూ ఆ ఒక్క సంగతే తలుచుకుని నాకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఆయన తప్పించుకుంటారని గట్టిగా మాట్లాడాను.

"లాబ్ వద్దన్నది ఇందుకేనా? ఫోను మీ నంబరుకే రావాలన్నది ఇందుకేనా?"

"ఇందుకే" అన్నారు నెమ్మదిగా.

"డాక్టరు అడిగితే ఏమని చెబుదామనుకున్నారు?"

"ఏమీ లేదని."

"అబద్ధం!"

"దేవుడు బాగుచేశాడని అంతమందిలో చెప్పి, మళ్లీ జబ్బుందని కంపెనీవాడికి చెప్పమంటావా? అప్పుడు అక్కడ చెప్పింది అబద్ధమైపోదూ?"

ఆయన అడిగిన తీరు చూస్తే వాదించడానికి అడిగినట్టు లేదు. నిజంగానే తెలియక అడిగినట్టుంది. అయినా నేను వదల్లేదు.

"దేవుడు బాగుచేస్తే దేవుడికి స్తోత్రం. ఆయన మీ నుంచి ఓటీపీ అడగడు. కంపెనీవాడు అడుగుతాడు. మీరు లేదని చెప్పి పాలసీ తీసుకుంటారు. రేపు ఏ అర్ధరాత్రో నేను మిమ్మల్ని ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెడతాను. వాళ్లు ఈ వీడియో తీసి నా మొహాన పెడతారు. 'ఏమ్మా, మీ ఆయన జబ్బుందని లోకానికంతా చెప్పుకున్నాడు, మాకు మాత్రం చెప్పలేదేం?' అంటారు. అప్పుడు నేనేం చెప్పాలి? ఇద్దరికీ కలిపి తీసుకున్న పాలసీ. మీ అబద్ధంతో నా పాలసీ కూడా గల్లంతవుతుంది. నాకు రేపేదైనా వస్తే ఎవరు చూస్తారు?"

ఈ చివరి మాటకి ఆయన మొహం పాలిపోయింది. నాకది కనబడింది. నా మాట తగిలిందనుకున్నాను.

"మందులు కూడా మానేశారు కదూ?" అన్నాను. "స్ట్రిప్పు ఖాళీగా దొరికింది గాని, మీరు మాత్ర మింగగా నేనెన్నడూ చూడలేదు. సాక్ష్యం చెప్పేశాక ఇంక మాత్రలెందుకనుకున్నారు."

"లేదు. మాత్రలు ఒక్క రోజు కూడా తప్పలేదు" అన్నారు గబగబా. "అది మాత్రం నమ్ము. ఒక్క రోజు కూడా తప్పనివ్వలేదు."

ఆ మాట నాకు కొంచెం వింతగా వినబడింది. కానీ కోపంలో ఉన్నదాన్ని, దాని వెంట పోలేదు. పరీక్ష హాల్లో అయితే పోయేదాన్ని.

"సరే. ఇప్పుడే దుర్గేష్‌కి చెబుతున్నాను. ఆ చవక ప్లాను వద్దు. పరీక్షలున్న ప్లానే తీసుకుందాం. జబ్బుందని చెబుదాం, ప్రీమియం పెంచితే పెంచనీ, కొన్నాళ్లాగమంటే ఆగుదాం. నిజం చెప్పి కట్టేది ఎంతైనా ఫర్వాలేదు. రేపు పొద్దున్నే ఇద్దరం లాబ్‌కి వెళుతున్నాం."

"వద్దు ఎలిజా."

"ఎందుకొద్దు? ఈసీజీ తీస్తారు, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు, అంతేగా. మీకు భయమైతే ముందు నేనే ఎక్కి చూపిస్తాను."

ఆయన ఒక్క ఉదుటున లేచి నా భుజం పట్టుకున్నారు. కుర్చీ వెనక్కి పడిపోయింది. "నువ్వు ట్రెడ్‌మిల్ ఎక్కకూడదు!"

వీధిలో ఆటో ఏదో మలుపు తిరిగి వెళ్లిపోయింది. ఆయన చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది.

"నేనా?" అన్నాను. "నేనెందుకు ఎక్కకూడదు?"

ఆయన నా భుజం వదిలి, పడిపోయిన కుర్చీ కేసి చూశారు.

"ఏవండీ. ఎక్కకూడనిది మీరు కదా? నన్నెందుకు ఆపుతున్నారు?"

కుర్చీ ఎత్తి నిలబెట్టారు. దాంట్లో తను కూర్చోలేదు, నన్ను కూర్చోబెట్టారు. ఎదురుగా నేల మీద చతికిలబడ్డారు. ఆ వయసు మనిషి అలా కింద కూర్చోవడం చూసి నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"గూడెంలో విజయ మరిది కూతురి పెళ్లి గుర్తుందా?" అన్నారు. "భోజనాల దగ్గర నీకు ఆయాసమొచ్చి కూర్చుండిపోయావు. పక్క వీధిలో నర్సింగ్ హోముకి తీసుకెళ్లాం."

"గ్యాస్ అన్నారుగా. అప్పడాలు ఎక్కువ తిన్నాను."

"నువ్వు బయట ఫాను కింద కూర్చున్నావు. డాక్టరు గారు నన్ను లోపలికి పిలిచారు. గ్యాస్ అన్నది ఆయన కాదు ఎలిజా. నేను."

నాకు వినబడుతోంది. అర్థమవుతోంది కూడా. కానీ ఒక్క మాటా లోపలికి వెళ్లనంటోంది.

"తర్వాత ఉచిత వైద్య శిబిరమని తీసుకెళ్లాను చూడు, అది శిబిరం కాదు. నీకు మళ్లీ పరీక్ష. పర్వాలేదన్నారు. మాత్రలు మాత్రం జన్మలో ఆపొద్దన్నారు. సాక్ష్యం చెప్తానని మొక్కుకున్నానుగా, చెప్పకపోతే దేవుడికి బాకీ పడతాను. నీ పేరు చెబితే సాయంత్రంలోపు విజయ నీకు ఫోను చేసేస్తుంది. అందుకని నాకే వచ్చిందని చెప్పాను." ఆయన అరచేత్తో మొహం తుడుచుకున్నారు. "దేవుడి సన్నిధిలో నిలబడి అబద్ధమాడాను ఎలిజా. ఆ రోజు హల్లెలూయా అనడానికి కూడా నోరు రాలేదు."

"ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? రోజూ నీ నాడి నువ్వే పట్టుకుని చూసుకుంటావు. ప్రతి మెట్టునీ అనుమానిస్తావు. మాత్రలో సున్నం కలిపారేమోనంటావు, డాక్టరు డబ్బు కోసం చెప్పాడేమోనంటావు. అనుమానంతోనే పోతావేమోనని భయమేసింది."

నాకు కోపం రావాలి. రాలేదు. నేను మేకుకి తగిలించిన ఆ గుడ్డసంచీ కేసి చూశాను. మందుల షాపుకి ఎప్పుడూ ఆయనే వెళ్లేవారు, నన్ను వెళ్లనిచ్చేవారు కాదు. మాత్రలు ఏ రోజూ స్ట్రిప్పులో ఉండగా నేను చూడలేదు. కాఫీ కప్పు ఒక చేత్తో, అవి ఒక అరచేతిలో. పాలవాడిని నమ్మను, ఏజెంటుని నమ్మను, యూట్యూబు పాస్టరుని నమ్మను. అరచేతిలో ఏముందో ఒక్కసారి కూడా అడక్కుండా మింగాను. లోకానికంతా శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే.

"ఆ గ్యాస్ మాత్రలు..." అన్నాను.

ఆయన తల ఊపారు.

అప్పుడు నా ఒళ్లో ఫోను మోగింది. తెలియని నంబరు. అలవాటు కొద్దీ ఎత్తేశాను.

"నమస్కారమండీ, ఎలిజబెత్ గారేనా మాట్లాడేది?" మర్యాదైన ఆడగొంతు. "బీమా కంపెనీ తరఫున డాక్టర్ని మాట్లాడుతున్నానండి. మీ పాలసీ గురించి కొన్ని ప్రశ్నలు అడగాలండి. ఈ కాల్ రికార్డవుతుంది. ముందు మీతో మాట్లాడి, తర్వాత సార్‌తో మాట్లాడతానండి. వీలవుతుందా?"

"వీలవుతుంది" అన్నాను.

పుట్టిన తేదీ అడిగింది, చెప్పాను. షుగరుందా అంది, లేదన్నాను. ఆపరేషన్లేమైనా జరిగాయా అంది, లేదన్నాను. నేల మీద కూర్చున్న మా ఆయన రెండు చేతులూ జోడించి నాకేసి చూస్తున్నారు. అవునని చెప్పమంటున్నారో, కాదని చెప్పమంటున్నారో ఆ చేతులు చూస్తే తెలియడం లేదు. నిజం చెప్పి కట్టేది ఎంతైనా ఫర్వాలేదని ఇందాకే ఈ నోటితోనే అన్నాను. అప్పుడు ఆ జబ్బు ఆయనది.

"మీకు గుండెకి సంబంధించిన సమస్య గానీ, దానికి మందులు వాడడం గానీ ఏమైనా ఉందాండీ?"

నేను నోరు తెరిచాను.

"లైన్‌లో ఉన్నారాండీ?" అంది ఆవిడ మళ్లీ. "ఉందనో లేదనో చెప్పండి, చాలండి."